సవరణ

పద్దెనిమిదేళ్లు ఆ గదిలో మినిట్స్ రాశాను.
ఎవరెంతసేపు మాట్లాడారో, ఎవరు నోరే విప్పలేదో
నా వేళ్లకు తెలుసు.
ఎల్డన్ హౌగ్లాండ్ పేరు టైపు చేసిన రోజులు తక్కువ.

హెలెనాకి వచ్చినప్పుడు యాభై మూడేళ్లు.
మోంటానా ఉత్తరపు అంచున, మిల్క్ నది ఒడ్డున గోధుమ రైతు.
అంతకుముందు, ప్లేకూ దగ్గర ఎర్రమట్టి రోడ్ల మీద
తెల్లారగట్లే మందుపాతరలు వెతికినవాడు.
ఈ రెండో సంగతి అతను చెప్పలేదు.
కరపత్రం చెప్పింది.
పార్టీవాళ్లు వాళ్లమ్మ గోడ మీది ఫోటో అడిగి తెచ్చి
యూనిఫాంలో ఇరవయ్యేళ్ల కుర్రాణ్ణి
గుమ్మం గుమ్మానికీ నిలబెట్టారు.
నలభై ఒక్క ఓట్లతో గెలుపు.
"ఆ నలభై ఒకటీ వాడివి, నావి కావు"
అన్నాడొకసారి, కాఫీ మిషన్‌లో నాణెం ఇరుక్కుంటే
దాన్ని అరచేత్తో చరుస్తూ.

అతను బిల్లు చదవడం చూడాలి.
పెన్సిల్ ఏటవాలుగా పట్టి
కాగితాన్ని జానెడు జానెడు పొడుచుకుంటూ పోయేవాడు.
"అయితే" దగ్గర ఆగేవాడు.
"తప్ప" దగ్గర ఊపిరి బిగబట్టేవాడు.
పక్క సీటు డ్వేన్ క్రెస్కీ గడియారం చూసి గురక నటించేవాడు.
నీటిహక్కుల బిల్లు, పద్నాలుగో పేజీలో
ఒక కామా కింద ఏకంగా ఒక వాగు పాతిపెట్టి ఉందని
పట్టుకున్నది ఈ మనిషే.
ఆ పూట నేను "చర్చ జరిగింది" అని రాశాను.
మినిట్స్‌లో అంతకన్నా పట్టదు.

మూడో దఫా. ఫిబ్రవరి.
చినూక్ గాలికి సభ మెట్ల మీద మంచు నీళ్లై కారుతోంది.
స్మారకం బిల్లు వచ్చింది:
పచ్చికలో నల్లరాయి, ఆ యుద్ధంలో పోయిన మనవాళ్ల పేర్లు.
ఎవరు కాదంటారు?
సభంతా లేచి కళ్లు తుడుచుకుంది.
అతనూ లేచాడు.
"ఈ డబ్బుతో పన్నెండేళ్లు ఒక వ్యాను నడుస్తుంది.
మా ఊళ్లనుంచి సైనికుల ఆసుపత్రికి రెండొందల యాభై మైళ్లు.
పోయినవాళ్లకి ఇంకెక్కడికీ పోయే పనిలేదు.
క్లెటస్ బెల్‌కోర్ట్‌కి ప్రతి మంగళవారం ఉంది."
అంతే, కూర్చున్నాడు.
తొంభై తొమ్మిది అవును. ఒకటి కాదు.

తర్వాతి ఎన్నికల కరపత్రంలో ఫోటో లేదు.
ఆ ఒక్క "కాదు" ఉంది, ఎర్రక్షరాల్లో.
కింద: సైనికుల్ని మరిచిన సైనికుడు.
తేదీతో సహా నా మినిట్స్ నుంచే ఎత్తారు.
పదకొండొందల తేడాతో పోయాడు.

బల్ల ఖాళీ చేసి పెట్టెలో సర్దింది నేను.
ప్రతి బిల్లు నిండా పెన్సిల్ గాట్లు.
స్మారకం బిల్లుకీ ఉన్నాయి,
చివరి రెండు పేజీలకు తప్ప. పేర్ల పేజీలు.
విప్పనే లేదు. అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

ఆవిష్కరణ రోజు బ్యాండు, గవర్నరు, గొడుగులు.
వెనక పార్కింగ్ దగ్గర, టోపీ చేతపట్టుకుని అతను.
జనం కదిలాక రాయి దగ్గరికొచ్చి
అలాగే, జానెడు జానెడు, ఈసారి వేలితో.
ఒకచోట వేలు ఆగిపోయింది.
లైల్ థోర్సెన్.
రాయి మీద థోర్సన్.
ఒక్క ఎత్వం లేదు.

ఆ జాబితా టైపు చేసింది నేనే.
రాత్రి పదకొండు దాటాక, పక్కన చల్లారిన సూపు.
లైల్ ఎవరని నేనడగలేదు.
"సవరణకి ఎన్ని ఓట్లు కావాలి?" అని మాత్రం అతనడిగాడు.
"యాభై ఒకటి. వచ్చే జనవరిలో."
తలూపాడు, వాతావరణం విన్నట్టు.

ఇప్పుడు వ్యాను లేదు, అతని పికప్పే ఉంది.
మంగళవారం క్లెటస్‌ని ఆసుపత్రిలో దింపి
నా కిటికీ ముందునుంచే పచ్చికలోకి నడుస్తాడు.
జేబులోంచి పెన్సిల్ తీసి
"స" నెత్తిన ఎత్వం దిద్దుతాడు.
నల్లరాయి మీద పెన్సిల్ గీత కనబడదు.
అయినా నెమ్మదిగా దిద్దుతాడు.

నేను ఇంకా చెప్పలేదు.