ఎడమ స్ప్రింగు

ఆయన ఇంటిపేరు ఆనియన్స్. నిజంగానే.
వాల్సాల్ చుట్టుపక్కల ఆ పేరున్నవాళ్లు చాలామందే ఉన్నారట.
మోరిస్ ఆనియన్స్, డెబ్బై ఆరేళ్లు,
సీటొకటి పాత దుప్పట్లో చుట్టి
పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి
నా బల్ల మీద పెట్టాడు.

"నలభై రెండులో సైన్యానికెళ్లిన బండి.
సీటు ఆనాడెలా ఉండేదో అలాగే కావాలి.
రంగు ఆకుపచ్చా కాదు, గోధుమా కాదు..."
నాకు తెలుసా రంగు:
జాడీ అడుగున మిగిలిన గోంగూర.
చెప్పలేదు. చెప్తే ఏం అర్థమవుతుంది?

ఒకప్పుడు గుర్రాలకి జీనులు కుట్టిన ఊరిది.
నా షాపూ ఎవరో జీనులాయన షాపే,
వాన పడితే గోడలింకా తోలు వాసనేస్తాయి.
నేను బెజవాడ ఆటోనగర్‌లో
పన్నెండేళ్లకే ఆరె పట్టినవాణ్ణి,
లారీ సీట్లకి నెమళ్లు కుట్టినవాణ్ణి.
ఇక్కడ నెమళ్లు ఎవరూ అడగరు.

ఒలవడం మొదలుపెట్టాను.
పైన నల్ల ప్లాస్టిక్కు, చలికి పగిలింది.
దాని కింద ఎర్ర రెగ్జిను:
యుద్ధం అయ్యాక ఎవడో కుర్రాడు
బండిని పెళ్లికొడుకుని చేశాడు.
దాని కింద, తుప్పు రివెట్ల వరసలో
అది.
రబ్బరు పూసిన కాన్వాసు.
అంచు మడతలో, ఎనభై ఏళ్లుగా వెలుగు తగలని చోట,
బొటనవేలంత మేర అసలు రంగు.

"అప్పుడు రబ్బరుకి కటకట" అన్నాడు మోరిస్,
"చేతిపిడులకి కూడా గుడ్డే చుట్టారు.
కాలు పెట్టేచోట ఉత్త ఇనుము.
వానొస్తే బూటు జారేది."
తనే జారినట్టు చెప్పాడు. అప్పటికింకా పుట్టలేదు.

కుట్టు చూశాను. అంగుళానికి ఆరు.
ఒకచోట దారం తెగింది;
మూడు కుట్లు వెనక్కొచ్చి, మళ్లీ ముందుకెళ్లింది ఆ చెయ్యి.
ఎవరిదో.
మా జిలానీ మేస్త్రీ నన్ను మొట్టి మొట్టి నేర్పింది
సరిగ్గా ఇదే.

ఇంకొకటి చూశాను:
ఎడమపక్క కాన్వాసు అద్దంలా అరిగింది,
కుడిపక్క ఇంకా గరుకే.
మోరిస్ కళ్లు మెరిశాయి.
"కబుర్లు మోసే సిపాయి. కుడి తుంటికి తూటా తగిలుంటుంది.
నొప్పికి ఓర్చుకుని ఒరిగి కూర్చునేవాడు."
నాకు మా ఆటోవాళ్లు గుర్తొచ్చారు,
పక్కన ఇంకొకడికి చోటిచ్చి
సగం పిర్ర మీద బెంజ్ సర్కిల్ నుంచి గొల్లపూడి దాకా తోలేవాళ్లు.
వాళ్ల సీట్లూ ఒకపక్కే అరుగుతాయి.
కానీ ఇది ఒంటిమనిషి సీటు.
చోటివ్వడానికి ఎవరున్నారని?

స్ప్రింగులు విప్పాక తెలిసింది.
కుడిది పదకొండు చుట్లు. ఎడమది తొమ్మిది,
తీగె సన్నం, వేరే బండిది.
ఒరిగింది మనిషి కాదు.
ఏ బురద డిపోలోనో, దీపం లేని రాత్రి,
చేతికి దొరికింది బిగించి
"ఇంక పో" అనుంటాడొక మెకానిక్కు.
వాడు పోయాడు. ఎన్ని వందల మైళ్లో, వంకరగా.

మోరిస్ చాలాసేపు మాట్లాడలేదు.
తూటా పోయినందుకు కాస్త దిగులు.
"కేటలాగులో రెండూ ఒకటే జత" అన్నాడు చివరికి.
నా దగ్గర జత ఉంది. తెచ్చి పక్కన పెట్టాను,
నూనె మెరుపుతో, కవలపిల్లల్లా.
ఆయన అందుకోలేదు. వద్దనీ అనలేదు.
టీ చల్లారిపోయింది.

శనివారం వచ్చాడు.
కొత్త కాన్వాసు, పాత లెక్క: అంగుళానికి ఆరు.
దారం తెగిన చోట నేనూ తెంపి
మూడు కుట్లు వెనక్కొచ్చాను. దానికి డబ్బులు వెయ్యలేదు.
పాత గుడ్డ నా సొరుగులో ఉంది, అడిగితే ఇస్తాను.
కొత్త జత ఇంకా బల్ల మీదే ఉంది.

నాలుగో తన్నుకి బండి లేచింది.
వీధి దిగుతున్నాడు మోరిస్ ఆనియన్స్,
డెబ్బై ఆరేళ్ల నడుము
ఎడమకి ఒక వేలెడు వాలి.
మలుపు దగ్గర సర్దుకోబోయాడు.
సర్దుకోలేదు.