పది గుర్రాల రాట్నం

జుబైల్‌లో రాత్రి డ్యూటీ.
సముద్రాన్ని మంచినీళ్లు చేసే గొట్టాల్లో
పద్నాలుగో వరుస ఊపిరాడక మూలుగుతోంది.
ఒకదాన్ని బయటికి లాగి, నిలువునా కోసి
చాపలా పరిచాను.
తెల్లటి పొర మీద జిగురు,
తడి గోనెసంచి వాసన.

"మురికి కాదు, ఊరు" అంది ఇల్హామ్.
ఖార్టూమ్ మనిషి, సూక్ష్మజీవుల డాక్టరు.
టీ గ్లాసు జరిపి టిష్యూ కాగితం మీద
ఒక గీత గీసింది: బాక్టీరియా ఒంటిపొర.
గీతలో దిగేసిన చక్రం, చక్రానికి పది పలకలు.
చక్రంలోంచి లోపలికి దిగిన ఇరుసు.
"అన్నిటికీ పదే ఉండవు" అంది,
"ఈ ఊళ్లో వాళ్లకి పదనుకో."

రంగులరాట్నం, అన్నాను తెలుగులో.
ఆమెకు అర్థం కాలేదు. అయినా నవ్వింది.

మా బాపు నాంపల్లిది ఏడుపాయల జాతరలో
పది చెక్కగుర్రాల రాట్నం.
మనిషికి ముప్పై పైసలు,
చుట్టుకి మూడు రూపాయలు.

పొర బయట ప్రోటాన్ల తొక్కిసలాట,
లోపల పలచన.
పొర వాటికి దారివ్వదు.
చక్రం పక్కన టికెట్ల గది ఒకటుంది,
దానికి రెండు సగం తోవలు.
బయటి నుంచి వచ్చే తోవ సగంలో ఆగుతుంది,
లోపలికి పోయే తోవ సగంలో మొదలవుతుంది.
ఎదురెదురుగా ఉండవు.
వచ్చినవాడు గుర్రమెక్కి, దాదాపు చుట్టంతా తిరిగి
ఎక్కినచోటి పక్కనే దిగాలి.

పక్కన దిగడానికి ఇంత చుట్టా, అని
జాతరలో ఒక ముసలాయన అడిగాడు.
చుట్టుకే పైసలు తాతా, అన్నాడు బాపు,
దిగడానికి కాదు.

ఇరుసు వంకరది.
మా రాట్నం ఇరుసూ వంకరే, ఊరంతా నవ్వేది.
ఇక్కడ పనంతా ఆ వంకరదే:
చుట్టూ కూర్చున్న మూడు గుప్పిళ్లను
వంతుల వారీగా తోస్తుంది.
ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి పట్టుకుంటుంది,
ఒకటి పిసుకుతుంది.
రాట్నం ఎదుట అమ్మ మరమరాలూ బెల్లం పాకమూ కలిపి
ముద్ద చుట్టి వదిలినట్టు
రెండు ముక్కలు ఒక్కటై జారి పడతాయి.
ఆ ముద్దలు తినే ఆ ఊరంతా బతుకుతుంది.
చుట్టుకి మూడు.
పది మందికి మూడు, నేను ఉలిక్కిపడ్డాను.
ఇల్హామ్‌కి ఎట్లా చెప్పను?

ఇంకొకటి గీసింది, పక్కన నిటారుగా కర్ర.
అది గుప్పిళ్లను కదలకుండా పట్టుకుంటుంది.
అది లేకపోతే అవీ చక్రంతోపాటే తిరుగుతాయి,
ఒక్క ముద్దా రాదు.
కాక రాజలింగు గుర్తొచ్చాడు.
నడిమి స్తంభానికి భుజం ఆనించి
కాళ్లు నేలలో తన్నిపెట్టి
పొద్దంతా నిలబడేవాడు.
జాతర మొత్తంలో ఒక్కసారీ గుర్రమెక్కలేదు.

రెండు గంటలకు ఫోన్:
పద్నాలుగో వరుసకి కాస్టిక్ పెట్టు, పీహెచ్ పన్నెండు.
తెలుసు నాకు. అంత క్షారంలో
బయట ప్రోటాన్లే మిగలవు.
చక్రం విరగదు, ఇరుసు వంగదు,
టికెట్ల గది ముందు మనిషి ఉండడు, అంతే.

"అప్పుడు వెనక్కి తిరుగుతుందా?" అని అడిగాను.
"తిరగగలదు. దాచుకున్న ముద్దలు తినేస్తూ.
అందుకే ఇరుసు మీద చిన్న చెయ్యి ఒకటి ఉంది,
జనం లేనప్పుడు అదిమి పడుతుంది."

జాతర అయిపోయిన రాత్రి
ఖాళీ రాట్నాన్ని గాలి తిప్పకుండా
బాపు కింద రాయి పెట్టేవాడు.
ఎందుకని నేను అడగలేదు.

వాల్వు తిప్పాను.
గాజుగొట్టంలో నీళ్లు టీ రంగు, తర్వాత బెల్లం రంగు.
పక్కన పీడనం మార్చే యంత్రంలో
పింగాణీ చక్రం కీచుమని తిరుగుతూనే ఉంది.
తెల్లారేసరికి ముల్లు కిందికి దిగింది.

"అన్నీ చావవు" అంది ఇల్హామ్, కళ్లజోడు తుడుచుకుంటూ.
"మూడు వారాలు."

రిజిస్టర్లో కారణం అన్నచోట
జిగురు అని రాసి సంతకం పెట్టాను.
టిష్యూ కాగితం చొక్కా జేబులోనే ఉండిపోయి
క్యాంపు వాషింగ్ మెషీన్లో
తెల్లటి పిండైంది.