గురువారం ఖాళీ

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది.
సోమవారం డోరీన్. పక్కింటావిడ. డెబ్భై ఆరేళ్లు,
కళ్లజోళ్లు రెండు, భయం ఒక్కటీ లేదు.
మంగళవారం నాది.
బుధవారం పైడిరాజు.
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
సబ్బుకి లొంగని వాసనతో నేరుగా వచ్చేస్తాడు.
శుక్రవారం పాస్టరుగారి కారు,
హీటరు పనిచెయ్యదు, దుప్పటి ఉంటుంది.
గురువారం ఖాళీ.

అరరాట్ నుంచి బల్లరాట్‌కి తొంభై కిలోమీటర్లు.
వెళ్లాలి, రావాలి. ఏడు వారాలు.
యంత్రం కింద ఆమె పడుకునేది పన్నెండు నిమిషాలు.
పన్నెండు నిమిషాలకి సగం రోజు
ఎలా ఖర్చవుతుందో నాకు మొదట్లో లెక్క తేలలేదు.
ముఖానికి అచ్చు తీసి చేసిన వల ముసుగు,
దాన్ని బల్లకి బిగిస్తారు.
కదలకూడదు.
బయట కుర్చీలో నేను
నా గుటక ఆపుకుని కూర్చుంటాను,
దానివల్ల ఎవరికేం లాభమో.

సులోచన గొంతు మీకు తెలుసు.
తెలియదంటే మీరు ఈ ఊళ్లో లేనట్టే.
మేం పనిచేసే వృద్ధుల హోములో
మూడో గదిలోంచి ఆమె ఎవర్నో పిలిస్తే
పదకొండో గదిలో చెవిటి తాత
"వస్తున్నా" అని లేచేవాడు.

ఆ గొంతే నాకు కారు నేర్పింది.
ఒంగోల్లో సైకిలైనా ఎక్కనిదాన్ని.
"రౌండబౌట్ దగ్గర దేవుణ్ణి తల్చుకోకు,
కుడివైపు చూడు" అనేది.
మూడుసార్లు పరీక్ష తప్పాను.
మూడుసార్లూ నాకంటే ముందు తనే ఏడ్చి
నాకంటే ముందు తనే
"పద, టీ తాగుదాం" అంది.

ఇప్పుడు ఆ గొంతులోంచి
మంచినీళ్లు దిగాలన్నా కళ్లు మూసుకుంటుంది.
మొన్న పండుమిరప పచ్చడి మూత తీయమని సైగ చేసి,
వాసన చూసి,
తనే మళ్లీ గట్టిగా బిగించింది.

చర్చి హాల్లో డబ్బా పెట్టి డబ్బులు పోగేశామని తెలిసి
కోపమొచ్చింది.
కొడుకు పలక లాక్కుని రాసింది:
బతికున్నదానికి చందాలేంటే?
కాసేపాగి, చెరిపి,
సరే, పెట్రోలుకి. లెక్క రాయండి.
రాస్తున్నాను అక్కా. సెంట్లతో సహా.

గురువారం మొదట జ్యోత్స్నది.
రెండు వారాలు వచ్చింది. మూడోవారం ఫోనెత్తలేదు.
తప్పు పట్టకండి. వాళ్లమ్మకీ గొంతులోనే వచ్చింది.
ఆమె పేరు కొట్టెయ్యలేదు నేను,
పైన చిన్న కాగితం అంటించాను.
ఎప్పుడైనా ఊడదీసుకోవచ్చు.

ఎవరైనా వస్తారా?
ఆరున్నరకల్లా గుమ్మం ముందుండాలి.
అద్దం మీద మంచు గీకడానికి పాత లైబ్రరీ కార్డు నేనిస్తాను.
ఎలా ఉందని అడక్కండి.
ధైర్యంగా ఉండమని చెప్పకండి,
ఆమె దగ్గర ఉంది,
మీకు తక్కువైతే అడిగి పుచ్చుకోండి.
బోఫర్ట్‌లో బేకరీ తెరిచుంటే ఆగండి.
కాఫీ ఆమె ముందే తాగండి, దాచుకుని కాదు.
ఆ వాసన ఆమెకి కావాలి.
గాలిమరలు కనబడగానే వేళ్లమీద లెక్కపెడుతుంది,
ప్రతిసారీ ఒక్కో సంఖ్య వస్తుంది.
సరిదిద్దకండి.

మాట లేదు గానీ
నేర్పడం మాత్రం మానలేదు.
డ్యాష్‌బోర్డు మీద వేలితో ఒకసారి కొడితే, నెమ్మది.
రెండుసార్లు కొడితే, కంగారూ.

పోయిన మంగళవారం మూడుసార్లు కొట్టింది.
రోడ్డు ఖాళీ. వేగం సరిగ్గానే ఉంది.
పొలాల మీద అప్పుడే వెలుగు పడుతోంది.
ఏంటక్కా అంటే
కిటికీ వైపు తిరిగిపోయింది.

అది దేనికో నాకింకా తెలియదు.
గురువారం వెళ్లినవాళ్లు
తెలిస్తే
నాకొచ్చి చెప్పండి.