పావు తిప్పు

రెండు వేల మూడొందల పౌండ్లన్నాను.
అతను ఫోన్లో ఒక్క క్షణం ఆగి
"శనివారం రైల్లో వస్తాను" అన్నాడు.
బేరమాడని మనిషంటే నాకు మొదట్నుంచీ అనుమానమే.

శుక్రవారం రాత్రి పెట్టె తెరిచాను.
ఎడమవైపు తాళం ఎప్పుడో ఊడిపోయింది, బూట్ల లేసుతో కట్టాను.
తాళం పోయినా తాళం తప్పలేదని
ఎవరికి చెప్పుకోను,
మా డ్రమ్మరు నెవిల్‌కి తెలుగు రాదు.

ఆరు తీగల బేస్ గిటారు. వాల్‌నట్ చెక్క, నల్లటి చేవ.
మెడ నా అరచెయ్యంత వెడల్పు.
వీపున బెల్టు గీసిన గీతలు మూడు, అవి నావి.
పైన తలకట్టు దగ్గర సిగరెట్టు కాల్చిన మచ్చ
నాకన్నా ముందున్న వాడిది.
వాడి పేరు కూడా తెలీదు.
రేపట్నుంచి నేనూ అంతే.

ఎందుకమ్ముతున్నానో ప్రకటనలో రాయలేదు.
"ఎక్కువగా వాడటం లేదు" అన్నాను, అందరూ రాసేదే.
బొటనవేలి కీలు అరిగింది.
చపాతీ పిండి కలపగలను, సీసా మూత తియ్యలేను.
ఆ లావు తీగని మూడో మెట్టు మీద నొక్కితే
మోచేతిదాకా నిప్పు.

పగలు నా ఉద్యోగం వినికిడి పరీక్షలు.
షెఫీల్డ్ ఉక్కు మిల్లుల్లో పనిచేసి దిగిపోయిన ముసలివాళ్ళు
గాజుగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు.
వినపడితే బటన్ నొక్కమంటాను.
వినపడకపోయినా మర్యాదకి నొక్కుతారు.
పైస్థాయంతా కొలిమి తినేసింది వాళ్ళకి:
పిచ్చుకలు, మనవరాళ్ళు, కెటిల్ ఈల.
మంద్రం మాత్రం మిగిలింది.

అందుకే కాబోలు
ఆదివారం రాత్రి హిల్స్‌బరో పబ్బులో
ఆగ్డెన్ ముందు బల్లనే పట్టేవాడు.
బీరు పక్కన అరచెయ్యి బోర్లా పెట్టేవాడు.
పాటయ్యాక చప్పట్లు లేవు, చెయ్యి తీస్తే కదా.
ఒకసారి కావాలనే
ఆ లావు తీగని రెండు ఆవర్తాలు ఎక్కువ మోగనిచ్చాను.
నెవిల్ కళ్ళెర్రజేశాడు.
ఆగ్డెన్ బల్లకేసి చూసి తలూపాడు,
నువ్వన్నది నిజమే అన్నట్టు.

శనివారం వాన.
టెమిటోప్ రోథరమ్ నుంచి తడిసి వచ్చాడు.
అడక్కుండానే బూట్లు గుమ్మం దగ్గర విప్పాడు.
సగం అనుమానం అక్కడే తీరింది.
వాళ్ళ చర్చి టైర్ల షాపు పైనట,
పాత బేస్ మధ్య తీగలు రెండూ బుసకొడతాయట.

వంటింట్లో చిన్న ఆంప్‌కి తగిలించాడు.
సన్న తీగలతో మొదలెట్టాడు, కొత్తింట్లో మెల్లగా మాట్లాడే మనిషిలా.
తర్వాత దిగాడు.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు మావాళ్ళు.
ఇక్కడ అల్మరాలో స్టీలు గ్లాసు కదిలింది.

పదకొండేళ్ళుగా వణుకుతోంది అది.
ఏ గ్లాసో ఎన్నడూ తెలీలేదు,
మోగించేది నేనే కనక, రెండు చేతులూ పనిలో ఉండేవి.
ఇవాళ చేతులు ఖాళీ.
తలుపు తీసి ఒక్కొక్కటే ముట్టుకుంటూ వెతికాను.
రెండో వరుసలో, అంచు సొట్టపోయింది.

"ఏదన్నా లోపమా?" ఆపి అడిగాడు.
"గ్లాసుది" అన్నాను.

చందాలేసుకున్న డబ్బు. ఇరవైలు, పదులు,
ఒక కవరునిండా చిల్లర.
నలభై తక్కువొచ్చింది.
మళ్ళీ లెక్కపెట్టాడు, చెవులు ఎర్రబడ్డాయి.
పెట్టె తాళం ఖరీదు అంతే, సరిపోయింది అన్నాను.
అబద్ధం. పన్నెండుకి దొరుకుతుంది.

అతను వెళ్ళాక ఇల్లేం నిశ్శబ్దం కాలేదు.
ఫ్రిజ్ మోగుతోంది,
జీ స్వరానికి వెంట్రుకవాసి పైన.
పదకొండేళ్ళూ దానికి శ్రుతి కలపకుండా
పళ్ళు బిగబట్టుకుని వాయించాను.
ఆ డబ్బు కప్పు అంచున కారే గొట్టానికి పోతుంది.
అదీ మోగుతుంది, రాత్రిళ్ళు.

చెంచాల సొరుగులో దొరికింది
ఎల్ ఆకారంలో చిన్న ఇనుప కీ.
చలికాలం హీటరు వెయ్యగానే ఆ మెడ వంగుతుంది,
పావు తిప్పు చాలు,
అంతకుమించి తిప్పొద్దని
చెప్పడం మర్చిపోయాను.

కవరు మీద చర్చి చిరునామా రాశాను. స్టాంపు అంటించాను.
సోమవారం పోస్టులో వెయ్యాలి అనుకున్నాను.
ఇవాళ గురువారం.
ఇంకా అక్టోబరే కదా.