మూడు గంటలు ఆగాలి

మైనస్ ఇరవై ఎనిమిది.
ఒస్మో గుమ్మంలో బూట్ల మంచు విదిలించి
సంచీలోంచి డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు.
ఔలు నుంచి కూహ్మో దాకా మూడున్నర గంటలు
కారు డిక్కీలో, ఫిడేలు పెట్టె పక్కన,
అది కట్టెబారిపోయి వచ్చింది.
చూస్తుండగానే దాని నల్ల వీపంతా
బూడిద పూసినట్టు తెల్లబడింది.

"ఇప్పుడే కలపకు" అన్నాను.
రెండేళ్ల తర్వాత
అతనితో నేనన్న మొదటి మాట.

వెచ్చటి ఇంట్లోకొస్తే చల్లటి లోహానికి చెమట పడుతుంది.
లోపల అద్దంలాంటి పళ్లేలు,
వాటి మీద వెంట్రుక కూడా పట్టని సందులో
ఎగిరే ముల్లు.
ఒక్క చుక్క చాలు.
మూడు గంటలు ఆగాలి.
తలూపాడు. నాకు తెలిసిన ఊపే,
పాటెత్తే ముందు
ఒకటీ రెండూ మూడూ నాలుగూ అనేది.

హిల్కా కాఫీ పెట్టింది,
ఎవరి పక్షానా లేకుండా, పల్చగా.

కేబుళ్ల గురించి మాట్లాడుకున్నాం.
కేబుళ్ల గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు.
పొట్టి తీగే మేలన్నాడు,
పొడుగైతే దారిలో డేటా తడబడుతుందని.
రికార్డు చేసే డ్రైవు వేరు,
దాచుకునే డ్రైవు వేరు ఉండాలన్నాను.
"ఒక్కటే ఉంటే?"
"ఉంటే ఏముంది,
అది ఎవరి జేబులో ఉంటే వాడిదే పాట."
ఇద్దరం నీళ్లు నమిలాం.
బల్ల మీద డ్రైవు మాత్రం
చుక్క చుక్కగా కారుస్తోంది.

ఆ వసంతంలో పన్నెండో పాట దగ్గర
"లాగుతున్నావు" అన్నాడు.
నా హార్మోనియం నా కాళ్ల కింద,
నా నడక నాది అన్నాను.
మాటా మాటా పెరిగింది.
ఎజెక్ట్ కూడా నొక్కకుండా
తీగ పీకి,
డ్రైవు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మూడు గంటలైంది. ఇంకో పావుగంట ఆగాం,
ఎవరూ అడక్కపోయినా.
పొడి గుడ్డతో తుడిచి కలిపాను.
లైటు వెలిగింది, ఆరింది.
లోపల ఎవరో తలుపు తట్టినట్టు టిక్, టిక్.
మైకుల పెట్టె కూడా అదే ల్యాప్‌టాప్ కరెంటు తాగుతోంది మరి,
ఒకరి కూడు ఇద్దరికి ఎలా చాలుతుంది.
సొరుగంతా వెతికి
గోడ ప్లగ్గున్న హబ్ తెచ్చాను.
అప్పుడు గొంతు పెగిలి
సన్నగా తిరగడం మొదలుపెట్టింది.

ఆ తిరుగుడు మైకులో పడుతోంది,
తుమ్మెద గదిలో ఉన్నట్టు.
పొట్టి తీగే మేలన్న మనిషి
నోరెత్తకుండా పొడుగు తీగ వెతికి
డ్రైవుని బట్టల అలమరలో పెట్టాడు,
నా ఉన్ని మేజోళ్ల మధ్య,
గాలి ఆడేలా తలుపు కాస్త తీసి.

పదకొండు పాటలు వచ్చాయి.
వాటి మధ్య కుర్చీ కిర్రుమనడం,
ఎవరిదో దగ్గు, "మళ్లీ" అనే మాట.
పన్నెండోది సున్నా సెకన్లు.
"పీకేశాగా" అన్నాడు.
"పీకావు" అన్నాను.

రోడ్డు మీద మంచు తోసే బండి వెళ్తోంది.
అది వంతెన దాటి, చప్పుడు పూర్తిగా
చచ్చిపోయేదాకా కదల్లేదు మేం,
అలవాటు.
తర్వాత అతను ఫిడేలు గడ్డం కిందికి తెచ్చుకున్నాడు.
తలూపాడు.

ఎనిమిదో వరస దగ్గర వాయిస్తూనే
"లాగుతున్నావు" అన్నాడు.
లాగుతున్నాను.
వంటింట్లో హిల్కా పకపకా నవ్వింది,
అదీ రికార్డయింది.
తీసెయ్యలేదు.

రాత్రి అతను బయల్దేరేటప్పుడు
డ్రైవు బల్ల మీదే ఉంది.
ముందు ఎజెక్ట్ నొక్కాను,
లైటు ఆరిందాకా నిలబడ్డాడు,
తీగ తీసి, చుట్టి,
నా చేతికే ఇచ్చాడు.
"రెండోది కొను" అన్నాడు బూట్లు వేసుకుంటూ,
"సగం ఖర్చు నాది."