చేతులు జేబుల్ల పెట్టుకున్న పొద్దు

హన్మకొండల మూడొద్దుల ట్రైనింగు.
పదిహేనేండ్ల సర్వీసు దాటినోళ్లనే ఏరి పిలిచిండ్రు.
జనగామ, ములుగు, నర్సంపేట, మా వరంగల్ పెద్దాసుపత్రి,
అందరం మడిమెలు పగిలినోళ్లమే.
నైటు డ్యూటీ దిగి, ఆవులింతలు మింగుకుంట
ప్లాస్టిక్ కుర్చీలల్ల కూసున్నం.

నాకేం నేర్పుతరు అనుకున్న.
ఇరవై మూడేండ్లు.
కరెంటు పోయిన రాత్రి, కండ్లు మూసుకొని
వేలికొసతోటి నరం దొరకబట్టినదాన్ని.

కరీంనగర్ నుంచి వచ్చిన విక్టోరియా మేడం
బల్ల మీద రబ్బరు చెయ్యి పెట్టి
"సలోమి సిస్టర్, నాకేం రాదనుకోండ్రి. నేర్పుండ్రి" అన్నది.
క్యానులా అందుకోబోయిన.
"ఊహూ. చేతులు ఎనుకకు కట్టుకొని.
ఉత్త మాటలతోటి."

నోరు తెరిచిన.
"గిట్ల పట్టుకొని... గింత వంచి..."
గిట్ల అంటే ఎట్ల? గింత అంటే ఎంత?
ఇన్నేండ్ల పని చేతులల్లనే ఉండిపోయింది,
మోచెయ్యి దాటి పైకి ఎక్కనే లేదు.
హాలంత నవ్విండ్రు.
ఒక్కొక్కరు లేచి చేతులు ఎనుకకు కట్టుకున్నంక
ఎవ్వరు నవ్వలే.

సాయంత్రం ఒక కాయితం ఇచ్చిండ్రు:
"మీరు నేర్పిన నర్సుల పేర్లు రాయండి."
పెన్ను ఆగింది.

నాకు ఎవరు నేర్పిండ్రు?
దుర్గమ్మ సిస్టర్ "తప్పుకో" అని ట్రే గుంజుకునేది.
ఆమె భుజం మీదికెల్లి తొంగి చూసి
దొంగతనంగ నేర్చుకున్న విద్య నాది.
తర్వాత నేనూ అన్న, తప్పుకో.
బెడ్లు ముప్పై, పేషెంట్లు అరవై, ఆగేటందుకు టైమేది?
భూపాలపల్లి నుంచి ఒక పోరి వచ్చింది,
నవ్వితే చిగుర్లు కనవడేటివి.
ఆర్నెల్లకు కొలువిడిసి
చీరల దుకాణంల చేరిందని ఇన్న.
దాని పేరు రాద్దామంటే
పేరు మతికి రాలే.

సోమవారం. ఆడోళ్ల వార్డు. చలికాలం పొద్దు.
జాటోతు సంధ్య, కొలువుల చేరి తొమ్మిది దినాలు.
గూడూరు దిక్కు తండా ముసలవ్వ,
చెయ్యంటే తోలూ బొక్కా, పిడికిలి బిగ్గ పట్టింది.
నీలం క్యానులా ఒకసారి తప్పింది.
సంధ్య పెదవి మీద చెమట.

నా వేళ్లు లేసినయ్.
తప్పుకో అన్న మాట పండ్ల దాకా వచ్చింది.
రెండు చేతులు కోటు జేబుల్ల కుక్కిన.
కుడి జేబుల కత్తెర,
ఎడమ జేబుల పొద్దుగాలటి సున్నా టికెట్టు.

"కండ్లతోటి ఎతుకకు బిడ్డా, వేలు పెట్టు.
ఒత్తితే సైకిల్ ట్యూబు లెక్క మల్ల లేసేదే నరం.
లేవకుంటే ఇడిసిపెట్టు, ఇంకోటి సూడు.
ఇంకొక్కసారి నీది.
అటెనుక నాది, అవ్వను సతాయించద్దు."

సంధ్య సూది పక్కన పెట్టింది.
మంచం పక్కన గొంతుకూసోని
"యాడీ" అన్నది.
తర్వాత ఏమన్నదో నాకు తెల్వది.
అవ్వ చెయ్యిని తన రెండు చేతుల నడుమ పెట్టుకొని
రుద్దుకుంట, ముచ్చట పెట్టుకుంట,
నాకైతే గంటలెక్క అనిపించింది.
పిడికిలి ఇచ్చుకున్నది.
మణికట్టు పైన సన్నగ ఒక గీత లేసింది.

క్యానులా గొంతుల ఎర్రచుక్క.

"ఏమని అడిగినవే?"
"చలి పెడుతుందా అని. అంతే సిస్టర్."

గప్పుడు యాదికొచ్చింది.
ఇరవై మూడేండ్ల సంది ముందుగాల నేనూ రుద్దుతనే ఉన్న.
రబ్బరు చేతికి చలి లేకపాయె,
గా ముక్కే మేడానికి చెప్పుడు మర్శిన.

జేబుల్లకెల్లి చేతులు తీసిన.
తడిసిన టికెట్టు వేళ్లకు అంటుకున్నది.
కుడి అరచేతిల
కత్తెర అచ్చు ఎర్రగ పడ్డది.