ఆముదం పొగ

బాలానగర్‌లో మే నెల మధ్యాహ్నం
ఏ కొలతనూ నమ్మొద్దంటాడు మునీరుద్దీన్.
రేకుల షెడ్డు కింద ఇనుము ఉబ్బుతుంది,
అల్యూమినియం దానికన్నా ఎక్కువ ఉబ్బుతుంది,
ఎండ తగిలితే మైక్రోమీటర్ కూడా
మనిషి లాగే కొంచెం అబద్ధమాడుతుంది.

అందుకే మా అసలు పని ఫజర్ అజాన్ తర్వాత.
ఐడీపీఎల్ వైపు నుంచి మొదటి బస్సు రాకముందే
సిలిండర్‌లోకి బోర్ గేజ్ దింపుతాను.
అంకె చదువుతాను. ఆయన కళ్ళు మూసుకుని వింటాడు.
"ఇంకో నాలుగు మైక్రాన్లు" అంటాడు,
కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.
ఒక వెంట్రుకను నిలువునా పదిహేను చీలికలు చేస్తే
అందులో ఒకటి.

మొదటి ఏడు నేనొక సిలిండర్ గోడను
అద్దంలా చేశాను, బొట్టు దిద్దుకోవచ్చు అందులో.
ఆయన తిట్టలేదు. బిగించు, తిప్పు అన్నాడు.
మూడో నిమిషంలో పిస్టన్ పట్టేసింది.
"నూనె కూసోనీకి జాగా ఉండాలె బిటియా,
మరీ నునుపైతే అదేడ నిలుస్తది?"
అప్పట్నుంచి హోన్ రాయి పైకీ కిందకీ,
గీత మీద అడ్డంగా గీత,
మా కల్వకుర్తి చెల్కలో
నిలువుసాలు మీద అడ్డసాలు తోలినట్టు.

ఎగ్జాస్ట్ పోర్టు కప్పు మిల్లీమీటరు లేపితే
పైన బలం దొరుకుతుంది, కింద పోతుంది.
ఎంత లేపాలో పుస్తకంలో ఉంటుంది,
ఎక్కడ ఆపాలో ఆయన వేలికి తెలుసు.

పోయిన నెల రేషన్ షాపులో
మిషన్ ఆ వేలిని ఒప్పుకోలేదు.
తడిగుడ్డతో తుడిచి పెట్టాడు.
నిమ్మచెక్క రుద్ది పెట్టాడు.
పదీ పెట్టాడు.
"నీ వేళ్ళకు గీతలే లేవు చిచ్చా, అరిగిపోయినయ్."
"ఉన్నయ్. వేరే కాడ పెట్టిన" అని నవ్వాడు.
బియ్యం ఇయ్యలేదు.

ఆదివారం, మొయినాబాద్ దాటాక
ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్ రోడ్డు,
హద్దురాళ్ళ మధ్య పావు మైలు.
బొల్లారం సామ్సన్ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు,
నలభై ఏడు కిలోలు, హెల్మెట్‌తో కలిపి.
పదకొండు వారాల పని. పద్నాలుగు సెకన్లు.

పెట్రోల్‌లో ఆముదం కలిపింది నేనే.
అమ్మ కొట్టి ఎండబోసిన గింజలది కాదు,
సీలు వేసిన డబ్బాలోది.
అయినా కిక్ కొట్టగానే నీలం పొగ లేచి,
ముక్కు మూసి నాతో తాగించిన పొద్దులు
రోడ్డంతా అలుముకున్నాయి.
నా మొహం చూసి సామ్సన్ నవ్వాడు.
తర్వాత ఏం నవ్వాడో వినిపించలేదు.

మునీరుద్దీన్ అవతలి గీత వైపు చూడలేదు.
నేల చూస్తూ విన్నాడు,
మూడో గేరు, నాలుగు,
పదకొండు వేల తిరుగుళ్ళ దగ్గర ఒక సన్నటి అరుపు,
దాని లోపల ఇంకేదో, నాకు అందనిది.
బండి తిరిగొచ్చాక టైమెంతని అడగలేదు.
పక్కబండి సగం చక్రం ముందుందని ఎవరో చెప్పారు.
ప్లగ్గు విప్పించి చూశాడు:
వేయించిన గోధుమరవ్వ రంగు.
"రేపు పొద్దుగాల మొత్తం విప్పు" అన్నాడు.

విప్పాను. అజాన్ అయింది, బస్సు ఇంకా రాలేదు.
టార్చి వేసి చూస్తే గోడ మీద
గీతలన్నీ ఎక్కడివక్కడే, తడిగా.
చూపుడువేలు లోపలుంచి తిప్పాను.
తీసి, వెలుతురులో పట్టుకున్నాను.
నా వేలికి ఇంకా గీతలున్నాయి,
కొన్ని.